వెచ్చని గోడ

"గోడ వెచ్చగా ఉందే అమ్మాయ్. వీపుకు హాయిగా ఉంది" అంది అత్త.

కోడలి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

బయట ముసురు విడవడం లేదు. ఇల్లంతా చెమ్మ. ముట్టుకున్న ప్రతిదీ చల్లగా, జిగటగా తగులుతోంది. అలాంటి ఇంట్లో ఒక్క గోడ మాత్రం వెచ్చగా ఎందుకుంటుంది?

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"నాలుగైదు రోజులైంది. మధ్యాహ్నం మొదలవుతుంది, సాయంత్రానికి చల్లబడుతుంది. చలికి ఒణుకుతున్నానని నువ్వే ఏదో ఏర్పాటు చేశావనుకున్నా."

ఆవిడ ముక్కులో సన్నటి గొట్టం. గొట్టం రెండో చివర, మంచం పక్కన, ఆక్సిజన్ మిషన్. గుప్పున పీల్చి బుస్సున వదులుతోంది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య దొరికిన జాగాలోనే ఆ ఇంట్లో ఎవరైనా మాట్లాడాలి.

కోడలు గ్లాసు కింద పెట్టి, మంచం మీదుగా వంగి, గోడకు అరచెయ్యి ఆనించింది. రోజూ తెల్లవారుతూనే బేకరీలో పొయ్యి ముందు నిలబడే మనిషి. వేడి ఆమెకు కొత్త కాదు. కానీ ఈ వేడి ఆమెకు నచ్చలేదు.

చెయ్యి కిందికి జరిపింది. చల్లగా ఉంది. పైకి జరిపింది, చల్లగానే ఉంది. మధ్యలో మాత్రం జానెడు వెడల్పున వెచ్చటి పట్టీ ఒకటి, అత్త వీపు వెనక నుంచి తిన్నగా కిటికీ దాకా పోయింది. కిటికీ పరదా వెనక, ఏసీ కోసం అద్దెకిచ్చిన ఇంటాయన ఎప్పుడో పెట్టించిన పెద్ద ప్లగ్గు ఉంది. ఏసీ ఎవరూ కొనలేదు. ఇప్పుడు ఆ ప్లగ్గు కారుది. దాంట్లోంచి బొటనవేలంత లావు నల్లటి వైరు కిటికీ చువ్వల మధ్యగా సందులోకి దిగి, అక్కడ నిలబెట్టిన కరెంటు కారులోకి పోతోంది.

ఆమె గోడ మీద చెయ్యి తియ్యకుండా రెండో వైపు నడిచింది. గుమ్మం దాటింది. హాల్లోకి వచ్చింది. వెచ్చదనం ఆమెతో పాటే వచ్చి, మూల ఉన్న స్విచ్చుల డబ్బా కింద ఆగింది.

పోయిన వారం ఆ డబ్బాలో స్విచ్చు దానంతటదే పడిపోయి కరెంటు ఆగని పూట లేదు. కారు చార్జింగులో ఉండగా గీజరు వేస్తే పడేది. ఇస్త్రీపెట్టె పెడితే పడేది. పడిన ప్రతిసారీ మిషన్ ఆగిపోయి కీచుమని అరిచేది. అత్త పెదవులు నల్లబడేవి. ఒకసారి సరిగ్గా ఆడపడుచు కళ్ళెదుటే పడింది. ఆ రోజు ఆవిడ తమ్ముణ్ణి అన్న మాట ఇంకా ఈ హాల్లోంచి పోలేదు. "అమ్మ ఊపిరి ఆపి నీ కారుకి మేత పెడుతున్నావురా."

ఆ రోజు తర్వాత స్విచ్చు పడలేదు. నిన్న గీజరు, ఇస్త్రీపెట్టె, కారు అన్నీ ఒకేసారి నడిచాయి. అయినా పడలేదు. హమ్మయ్య అనుకుంది కోడలు. ఎందుకు పడలేదని అడగలేదు. మంచి జరిగినప్పుడు ఎందుకని ఎవరు అడుగుతారు?

ఇప్పుడు డబ్బా మూత తెరిచింది. లోపల అన్నీ పాత స్విచ్చులే, పసుపు తిరిగి, దుమ్ము పట్టి ఉన్నాయి. వాటి మధ్య ఒక్కటి మాత్రం తెల్లగా మెరుస్తోంది.



*

భర్త హాల్లో చాప మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. వీధిలో అతన్ని మూగబండి అంటారు. పేరు కారుదా మనిషిదా అంటే చెప్పడం కష్టం. ఇద్దరికీ చప్పుడు ఉండదు.

"లేవండి."

"ఇంకా టైముంది."

"లేవండి. ఈ తెల్ల స్విచ్చు ఎవరు పెట్టారు?"

అతను కళ్ళు తెరిచాడు. లేచి కూర్చున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అదే జవాబు.

"మీరే పెట్టారా?"

"గట్టిగా మాట్లాడకు. అమ్మ వింటుంది."

"ఏం పెట్టారు?"

"పెద్దది. ఎక్కువ కరెంటు తట్టుకునేది. టాక్సీ స్టాండులో వాళ్ళే చెప్పారు. చిన్నదవడం వల్ల పడుతోంది, పెద్దది వేసుకో, ఇక పడమన్నా పడదు అని."

"స్విచ్చు పెద్దదైంది. గోడలో వైరు?"

"వైరుకేం. పాతకాలం సరుకు. గట్టిది."

"పాతదైతే గట్టిదా? అయితే మీ కారు పాతది కొనాల్సింది."

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎవరైనా ఎలక్ట్రీషియన్ని పిలిచారా?"

"పిలిస్తే ఏమంటాడు? మీటరు దగ్గర్నుంచి కొత్త వైరు లాగాలంటాడు. గోడ పగలగొట్టాలంటాడు. ఇంటాయన చేతికి దొరికిపోతాం. నేను కారు ఇక్కడ చార్జింగు పెడుతున్నట్టే ఆయనకి తెలీదు."

"గోడ కాలుతోంది."

"వెచ్చగా ఉంటుందంతే. ఫోను చార్జింగు పెట్టినా వెచ్చగా అవుతుంది."

"ఫోను పక్కన దూది పెట్టుకుని పడుకుంటామా?"

ఆ మాటకు అతను తలెత్తాడు.

ఆ పల్చటి గోడకు అవతల పరుపుల కొట్టు. ఒకప్పుడు అంతా ఒకటే ఇల్లు. ఇంటాయన మధ్యలో గుమ్మం మూయించి రెండు చేశాడు. మనుషుల్ని విడదీశాడు కానీ వైర్లను విడదీయలేదు. ఈ ఇంటి వైర్లు ఇప్పటికీ గోడకు అవతలి వైపు నుంచే, పాత చెక్క పట్టీల కింద పోతాయి. ఆ పట్టీలకు ఆనించి నేల నుంచి కప్పు దాకా దూది మూటలు పేర్చి ఉంటాయి. పరుపుల బాబాయి వాటిని చూపించి నవ్వుతాడు కూడా, "మా కొట్లో పడ్డవాడికి దెబ్బ తగలదు" అని.

"బాబాయికి చెబుదాం" అంది ఆమె.

"చెబితే గంటలో ఇంటాయనకి తెలుస్తుంది."

"తెలియనివ్వండి."

"తెలిస్తే కారు సందులో పెట్టొద్దంటాడు. అప్పుడు ఎక్కడ పెట్టను? నీ నెత్తిన పెట్టనా?"

"బంకు దగ్గర చార్జింగు మిషన్లు లేవా?"

"రెండున్నాయి. ఒకటి చచ్చి చాలా కాలమైంది. రెండోదాని ముందు లైను. పొద్దున వెళ్ళొచ్చా. నా ముందువాడు తన కారుకి చార్జింగు గన్ను తగిలించి అన్నానికి పోయాడు. సాయంత్రం డయాలసిస్ సెంటరు నుంచి ముగ్గుర్ని ఇళ్ళకి దింపాలి. నేను లైన్లో ఉంటే వాళ్ళు వానలో మెట్ల మీద కూర్చుంటారు. ఒక్కరోజు అలా కూర్చుంటే చాలు, రేపట్నుంచి వేరే బండి పెట్టుకుంటారు."

"పెట్టుకోనివ్వండి."

"నీకేం. అనేస్తావ్."

"నువ్వు మీ అమ్మ వీపు వెనక నిప్పు పెట్టావ్!"

పెళ్ళయ్యాక ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ విననట్టే ఉండిపోయారు. లోపల మిషన్ గుప్పున పీల్చింది, బుస్సున వదిలింది.

అతనే అన్నాడు. "ఆ మిషన్ అరుపు నువ్వు వంటింట్లోంచి వింటావ్. నేను రోడ్డు మీద కూడా వింటున్నా. వెనక ఎవడు హారన్ కొట్టినా అమ్మ మిషన్ ఆగిపోయిందనిపిస్తుంది. ఒకసారి బ్రేకు బదులు ఇంకోటి తొక్కబోయాను. అక్క అన్నది నిజమే కదా. నా కారు వల్లే కదా ఆగుతోంది. అందుకే పడకుండా చేశా. ఇంకేం లేదు."



"చార్జింగు తీసెయ్యండి" అంది, ఈసారి మెల్లగా. "ఇవాళ్టికి తీసెయ్యండి. రేపు ఆలోచిద్దాం."

"సరే."

అతను తల్లి గదిలోకి వెళ్ళాడు. పరదా వెనక టక్కుమని స్విచ్చు కట్టిన చప్పుడు విన్నాకే ఆమె వంటింట్లోకి కదిలింది. కారు దగ్గర గన్ను తీశాడా లేదా అని చూడలేదు. స్విచ్చు కట్టాక గన్ను ఉంటే ఏం, లేకపోతే ఏం అనుకుంది.

*

ఆమె గిన్నెలు కడగడం అయ్యేసరికి పార్లరు వదిన వచ్చింది. ఆడపడుచుకు రెండు వీధుల అవతల బ్యూటీ పార్లరుంది. ఊళ్ళో సగం మంది జుట్టు ఆవిడ చేతిలోంచే పోతుంది, మిగతా సగం మంది సంగతులు చెవిలోంచి.

గొడుగు గుమ్మంలోనే విదిలించి, "ఇవాళ ఇంకా పడలేదా మీ స్విచ్చు?" అంది.

"బాగు చేయించా" అన్నాడు తమ్ముడు.

కోడలు అతని వైపు చూసింది. అతను నేల చూశాడు.

"పోన్లే. నేను నోరు పారేసుకుంటే గానీ నీకు చెయ్యి ఆడదు. ఎవరితో చేయించావ్?"

"స్టాండులో తెలిసినవాళ్ళున్నారు."

"ఏమ్మా, నిజంగా బాగయిందా?" వదిన కోడలి వైపు తిరిగింది. "వీడి మాట నేను నమ్మను. నువ్వు చెప్పు. ఇంకోసారి అలా ఆగిందంటే అమ్మని ఈ క్షణమే మా ఇంటికి తీసుకుపోతా. మా మేడ మెట్లు ఎక్కించలేమని ఊరుకున్నా గానీ."

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. భర్త తల ఎత్తలేదు. ఆమె గుటక వేసింది. మాట లోపలికి పోయింది.

"ఈ మధ్య పడటం లేదు వదినా" అంది.

అది అబద్ధం కాదు. అంతకంటే చెడ్డది.

వదిన లోపలికి వెళ్ళి తల్లి మంచం మీద కూర్చుంది. తల్లి నుదురు తడిమింది, పాదాల మీద దుప్పటి సర్దింది. వెనక్కి వాలింది. వెంటనే ముందుకు వచ్చింది.

"అబ్బ! ఇదేం గోడమ్మా, ఇస్త్రీపెట్టెలా ఉంది!"

"హాయిగా ఉంటుందే" అంది తల్లి. మాటకూ మాటకూ మధ్య ఆవిడ గాలి వెతుక్కుంటోంది. "ఇందాక కాస్త చల్లారింది. మళ్ళీ ఎక్కింది."

గుమ్మంలో ఉన్న కోడలు ఆ మాట విన్నది. మళ్ళీ ఎక్కింది.

"పోన్లే, ఈ ఇంట్లో నీకు దొరికిన సుఖం ఇదొక్కటే" అని వదిన గాలి ఎగపీల్చింది. "ఇదేం వాసన? పార్లర్లో కొత్తపిల్ల జుట్టు కాల్చినప్పుడు వస్తుంది ఇలాంటి కంపు."

కోడలు గదిలోకి ఒక్క అంగలో వచ్చి పరదా లాగింది. ప్లగ్గు స్విచ్చు వేసి ఉంది. దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ప్లగ్గు చుట్టూ తెల్ల ప్లాస్టిక్కు గోధుమరంగు తిరిగి, ఒక పక్క మైనంలా జారింది.

"మళ్ళీ ఎప్పుడు వేశారు?"

అతను గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు. "నువ్వు వంటింట్లోకి వెళ్ళాక. కాసేపే. ఆ ముగ్గుర్నీ దింపేంత వస్తే చాలని..."

"ఏం వేశాడు? ఎవరైనా చెబుతారా నాకు?" వదిన లేచి నిలబడింది.

ఇందాక మింగిన మాటతో పాటు దాని వెనక ఉన్నవన్నీ ఒక్కసారే కోడలి నోట్లోంచి వచ్చేశాయి. తెల్ల స్విచ్చు, గోడలో వైరు, అవతలి దూది, చార్జింగు. ఒక్కదానికీ మెరుగు పెట్టలేదు. చెబుతూనే చెయ్యి చాచి ఎర్ర దీపం మీద స్విచ్చు నొక్కింది. అది కదల్లేదు. లోపల కరిగి పట్టేసింది.

"మెయిన్ స్విచ్చు కట్టెయ్!" అని అరిచింది వదిన.

కోడలు హాల్లోకి పరుగెత్తింది. డబ్బా మీద చెయ్యి పడేలోపే వీధిలో తుపాకీ పేలినట్టు ఠప్పుమంది.

ఫ్యాను నెమ్మదించింది. ఫ్రిజ్జు మూలిగి ఊరుకుంది. వీధి చివర ప్రింటింగు ప్రెస్సు చప్పుడు ఆగిపోయింది. ఎదురింట్లో ఎవరో, "ఓయ్, మీకూ పోయిందా?" అని కేకేశారు. తెల్ల స్విచ్చు మాత్రం చెక్కు చెదరకుండా నిలబడే ఉంది. ఇంట్లో పడాల్సింది వీధి స్తంభం మీద పడి, వీధంతటికీ ఫ్యూజు పోయింది.

మిషన్ కీచుమంది.

*

తర్వాత ఎవరు ఏం చేశారో ఎవరికీ వరసగా గుర్తుండదు. ఆక్సిజన్ సిలిండరు తెమ్మంది వదిన. నింపడానికి పంపిన సిలిండరు ఇంకా రాలేదు. వదిన అంబులెన్సుకు ఫోను చేసింది. బయలుదేరాం అన్నారు, వంతెన కింద నీళ్ళు నిలిచాయి, చుట్టు తిరిగి రావాలన్నారు. అత్త రెండు చేతులతో దుప్పటి పట్టుకుని నోరు తెరిచి పీలుస్తోంది. పెదవుల రంగు మారుతోంది.

"కారు" అన్నాడు కొడుకు. "కారు డిక్కీలో ప్లగ్గుంది. మిషన్ దానికి పెట్టొచ్చు."

వీధి మొత్తం మీద ఇప్పుడు కరెంటున్నది ఆ కారులోనే.

అతను తల్లిని పసిపాపలా ఎత్తుకున్నాడు. వదిన గొట్టం పట్టుకుంది. కోడలు మిషన్ను గడప మీదుగా ఈడ్చింది. తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టారు. మిషన్ను డిక్కీలో తోసి ప్లగ్గు పెట్టారు. క్షణం ఏమీ జరగలేదు. మరుక్షణం గుప్పున పీల్చింది, బుస్సున వదిలింది. వదిన వానలోనే కారుకు ఆనుకుని ఏడ్చేసింది.

కోడలు ఏడవలేదు. ఆమె కళ్ళు పరుపుల కొట్టు వెంటిలేటరు మీద ఉన్నాయి. కారు పైన, చెయ్యి చాస్తే అందే ఎత్తులో ఉంది అది. అందులోంచి సన్నగా, బద్ధకంగా, ఉన్ని దారంలా పొగ వస్తోంది.

"బాబాయ్!" అని షట్టరు మీద బాదింది. తాళం వేసి ఉంది. బాబాయి బండిలో పరుపులు వేసుకుని ఎటో వెళ్ళాడు.

"కారు తియ్యండి. ముందు ఇక్కణ్ణుంచి తియ్యండి!" అంది.

అతను సీట్లో కూర్చుని బటన్ నొక్కాడు. తెర వెలిగింది. కారు కదల్లేదు. తెర మీద గన్ను బొమ్మ ఎర్రగా మినుకుమంటోంది.

"గన్ను తియ్యలేదా మీరు?"

అతను దిగి ముందుకు పరుగెత్తాడు. తాళంచెవి మీద బటన్ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. కాలు బంపరుకు తన్నిపెట్టి రెండు చేతులతో గుంజాడు. గన్ను కారు నోట్లోంచి ఊడి రాలేదు.

"వైరు కోసెయ్ రా!" అంది వదిన.

"కోసినా అంతే. గన్ను దాంట్లో ఉన్నంతసేపు బండి కదలదు. అలా చేశారు దీన్ని."

"అయితే అమ్మని ఎత్తుకుపోదాం!"

"ఎక్కడికి? మిషన్ దేనికి పెడతావ్? ఎవరింట్లో ఉంది కరెంటు?"

పొగ దారం తాడంత అయింది. ఎదురింటివాళ్ళు బకెట్లతో వస్తున్నారు. మూసిన షట్టరు మీద నీళ్ళు పోస్తే ఏం లాభమో వాళ్ళకీ తెలీదు.

"ఇంకో దారి లేదా?" కోడలు అతని చొక్కా పట్టుకుంది. "గట్టిగా పట్టేస్తే ఏం చేస్తారు? ఎవరూ చెప్పలేదా?"

"తాడుంది. కంపెనీవాడు చూపించాడు. లోపల్నుంచి లాగితే గన్ను వదిలేస్తుంది."

"లాగండి మరి!"

అతను డిక్కీ వైపు చూశాడు. కదల్లేదు.

"ఎక్కడుంది?"

"మిషన్ వెనక. అక్కడో చిన్న మూత ఉంది, అది తియ్యాలి. మిషన్ కిందికి దించాలి. దించితే వైరు అందదు. ప్లగ్గు తియ్యాలి."

"ఎంతసేపు?"

"తెలీదు. మూత ఎప్పుడూ తియ్యలేదు."

అతను చెయ్యి చాచాడు. ప్లగ్గు మీద వేళ్ళు పెట్టాడు. ఏ అరుపు వినలేక గోడలో నిప్పు పెట్టుకున్నాడో, ఇప్పుడు దాన్ని తన చేత్తోనే అరిపించాలి. అతను పీకలేకపోయాడు. కోడలు అతన్ని పక్కకు నెట్టబోయింది.

వెనక సీట్లో అత్త మెల్లగా చెయ్యెత్తింది. చెవుల వెనక నుంచి గొట్టం విప్పుకుంది. ముక్కులోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, కళ్ళజోడు తీసి పెట్టుకున్నంత తీరిగ్గా.

"అమ్మా!" అంది వదిన.

"ప్లగ్గు వాడి చేత తీయించకండి" అంది అత్త. "తాడు లాగరా... నాన్నా. నేను... బిగబట్టుకుంటా."

కోడలు ప్లగ్గు పీకింది. మిషన్ కీచుమంటుండగానే ఎత్తి తడి నేల మీద పెట్టింది. అతను మూతను గోళ్ళతో, తాళంచెవితో, చివరికి పళ్ళు బిగించి మోచేత్తో పెకిలించాడు. చీకటి సందులో చెయ్యి భుజం దాకా దూర్చి వెతికాడు. వదిన తల్లి చెంపలు పట్టుకుని, "నన్ను చూడు, నన్నే చూడు" అంటోంది. పైన వెంటిలేటరులో పొగ వెనక, మొదటిసారిగా, ఎర్రగా ఏదో కదిలింది.

"దొరికింది!" అన్నాడు.

బలమంతా పెట్టి లాగాడు.

తాడు తెగి అతని చేతిలోకి వచ్చింది. గన్ను రాలేదు.